సొసైటీ తగాదా వస్తే ఏ గడప తొక్కాలి? స్వదేశంలో ఫ్లాటు ఉన్న ప్రవాసాంధ్రులకు ఒక కరదీపిక

విదేశాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న మనలో చాలామందికి హైదరాబాదులోనో, విజయవాడలోనో, విశాఖపట్నంలోనో ఒక ఫ్లాటు ఉంటుంది. కొందరి ఫ్లాటులో అమ్మానాన్నలు ఉంటారు, కొందరిది అద్దెకు ఇచ్చినది, ఇంకొందరు రిటైరయ్యాక వెళ్ళి ఉందామని తాళం వేసి ఉంచినది. కొన్నప్పుడు కార్పెట్ ఏరియా ఎంత, వాస్తు ఎలా ఉంది, బ్యాంకు లోను ఎంత వస్తుంది అని అడుగుతాం. ఆ భవనాన్ని నడిపే సంఘం గురించి మాత్రం అడగం. లిఫ్టు మూడు నెలలుగా పని చెయ్యడం లేదనో, సెల్లార్‌లో మన కారు స్థలం ఇంకెవరికో అమ్మేశారనో, సంఘం లెక్కలు అడిగితే సెక్రటరీ గారు కోప్పడ్డారనో ఇంటి నుంచి ఫోను వచ్చిన రోజున ఆ సంఘం గుర్తొస్తుంది.

నేను న్యాయవాదిని కాను. అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. హైదరాబాదులో మా అపార్ట్‌మెంటు సంఘానికీ పాత కమిటీకీ మధ్య లెక్కల తగాదా నడిచిన మూడేళ్ళూ, ఇక్కడి నుంచే కాగితాల పని చూశాను. ఆ అనుభవంలో తెలుసుకున్నవీ, తరువాత చదివి సరిచూసుకున్నవీ మన సభ్యులకు ఉపయోగపడతాయని ఒకచోట రాస్తున్నాను. ఇది వకీలు సలహాకు బదులు కాదు. వకీలు దగ్గరకు వెళ్ళే ముందు మనకు తెలిసి ఉండాల్సిన విషయం అనుకోండి.

మొదటి ప్రశ్న: మీ సంఘం ఏ చట్టం కింద పుట్టింది?

మా భవనంలో గొడవ మొదలైనప్పుడు ఫోన్ మీటింగులో తలొక మాట అన్నారు. ఒకరు పోలీసు కంప్లైంటు ఇద్దామన్నారు, ఒకరు సివిల్ కోర్టు అన్నారు, ఇంకొకరు వినియోగదారుల ఫోరం అన్నారు. మూడో అంతస్తులో ఉండే రిటైర్డ్ ఉద్యోగి ఒకాయన అంతా విని, "అవన్నీ తర్వాత బాబూ, అసలు మన సంఘం ఏ చట్టం కింద రిజిస్టరయిందో ఎవరి దగ్గరైనా కాగితం ఉందా?" అని అడిగారు. ఎవరి దగ్గరా లేదు. అది సంపాదించడానికి నెల పట్టింది. అది చేతికొచ్చాక దారి తేలిపోయింది.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే. సొసైటీ తగాదాలో ఎవరిది న్యాయం అన్న ప్రశ్న కంటే ముందు, ఆ న్యాయం చెప్పే అధికారం ఎవరిది అన్న ప్రశ్న తేలాలి. తప్పు చోట కేసు వేస్తే మీ వాదన ఎంత బలమైనదైనా, ఏళ్ళ తరువాత "ఇది మా పరిధిలోకి రాదు" అని కొట్టేస్తారు. ఈలోగా గడువులు దాటిపోతాయి.

తెలుగు రాష్ట్రాల్లో మనం వాడుకగా "సొసైటీ" అనేవి సాధారణంగా మూడు రకాలు.

ఒకటి, 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టరైన ఫ్లాటు యజమానుల సంఘం. దీని రిజిస్ట్రార్ స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖలోని జిల్లా రిజిస్ట్రార్. 2001కి ముందు తెలంగాణ ప్రాంతంలో 1350 ఫసలీ నాటి పబ్లిక్ సొసైటీల చట్టం, ఆంధ్ర ప్రాంతంలో 1860 నాటి చట్టం ఉండేవి. పాత సర్టిఫికెట్ మీద ఆ పేర్లు కనబడితే కంగారు పడనక్కరలేదు. ఆ సంఘాలు కూడా ఇప్పుడు 2001 చట్టం కిందికే వస్తాయి.

రెండు, 1964 నాటి సహకార సంఘాల చట్టం కింద ఏర్పడ్డ సహకార గృహ నిర్మాణ సంఘం. స్థలం కొని, లేఅవుటు వేసి, సభ్యులకు ప్లాట్లు పంచే సంఘాలు ఎక్కువగా ఇవే. 1962లో ఏర్పడిన జూబ్లీహిల్స్ సంఘం వీటిలో అందరికీ తెలిసిన పేరు. వీటిని సహకార శాఖ చూస్తుంది. జిల్లా స్థాయిలో జిల్లా సహకార అధికారి ఉంటారు.

మూడు, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరైనవి. హైదరాబాదులో అపార్ట్‌మెంటు సంఘాలు కొన్ని ఈ చట్టం కింద కూడా ఉన్నాయి. పేరులో "మ్యాక్స్" అనో "మ్యూచువల్లీ ఎయిడెడ్" అనో కనబడితే అది ఈ కోవలోది.

వీటన్నిటికీ అడుగున 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ఉంది. మెట్లు, లిఫ్టు, డాబా, కామన్ స్థలాల్లో ప్రతి యజమానికీ విడదీయరాని వాటా ఉంటుందని చెప్పేది ఆ చట్టమే. సంఘం ఏ రకమైనదైనా మీ సేల్ డీడ్‌లో రాసిన ఆ "అవిభక్త వాటా" మీకు ఉంటుంది.

2001 చట్టం సంఘమైతే జిల్లా కోర్టు

ఈ చట్టంలో 23వ సెక్షన్ మనకు ముఖ్యం. కమిటీలో గానీ, సభ్యుల మధ్య గానీ సంఘ వ్యవహారాల మీద వివాదం వస్తే, ఏ సభ్యుడైనా 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టం ప్రకారం మధ్యవర్తిత్వానికి వెళ్ళవచ్చు, లేదా నేరుగా జిల్లా కోర్టులో దరఖాస్తు వేయవచ్చు. కోర్టు విచారణ జరిపి తగిన ఉత్తర్వు ఇస్తుంది. హైదరాబాదు నగర పరిధిలో అయితే సిటీ సివిల్ కోర్టుకు వెళ్ళాలి.

ఇక్కడ చాలామంది పొరబడేది రిజిస్ట్రార్ విషయంలో. జిల్లా రిజిస్ట్రార్‌కు ఫిర్యాదు పెడితే ఆయన పాత కమిటీని తీసేసి కొత్త కమిటీని కూర్చోబెడతారని అనుకుంటారు. ఆయన ప్రధానంగా రికార్డు ఉంచే అధికారి. ఏటా సంఘం దాఖలు చెయ్యాల్సిన కమిటీ జాబితా, బైలాస్, వాటి సవరణలు ఆయన దగ్గర ఉంటాయి. తీర్పు చెప్పేది కోర్టు. మా కేసులో ఆ రికార్డే ఉపయోగపడింది. పాత కమిటీ వారు ఎన్నిక జరిగిందని చెప్పిన ఏడాదికి రిజిస్ట్రార్ దగ్గర జాబితాయే దాఖలు కాలేదు. ఆ సర్టిఫైడ్ కాపీ జతపరిచి జిల్లా కోర్టులో దరఖాస్తు వేశాం.

సహకార సంఘమైతే రిజిస్ట్రార్, ట్రిబ్యునల్

1964 చట్టం కింద దారి వేరు. సంఘం ఏర్పాటు, నిర్వహణ, వ్యాపారానికి సంబంధించి సభ్యుల మధ్య గానీ, సభ్యుడికీ సంఘానికీ మధ్య గానీ వివాదం వస్తే 61వ సెక్షన్ ప్రకారం సహకార రిజిస్ట్రార్ ముందు పెట్టాలి. ఆయన స్వయంగా తేల్చవచ్చు, కింది అధికారికి అప్పగించవచ్చు, మధ్యవర్తికి పంపవచ్చు. దాని మీద అప్పీలు సహకార ట్రిబ్యునల్‌కు వెళుతుంది. ఇలాంటి వివాదాల్లో సివిల్ కోర్టు జోక్యం చేసుకోకూడదని 121వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి ప్లాటు కేటాయింపు, సీనియారిటీ జాబితా, సభ్యత్వం రద్దు లాంటి వాటికి సివిల్ కోర్టులో దావా వేస్తే మొదటి వాయిదాలోనే ఈ అభ్యంతరం లేస్తుంది.

నిధులు దుర్వినియోగం అయ్యాయని అనుమానం ఉంటే 51వ సెక్షన్ కింద విచారణ కోరవచ్చు. ఆ విచారణలో నష్టం తేలితే 60వ సెక్షన్ కింద బాధ్యుల నుంచి ఆ డబ్బు రాబట్టే వీలుంది. దీన్నే సర్‌చార్జి అంటారు. కమిటీ మారిపోయినా పాత కమిటీ సభ్యుల బాధ్యత దానితో పోదు.

1995 చట్టం సంఘాల్లో ప్రభుత్వ శాఖ జోక్యం తక్కువ. అక్కడ వివాదం 37వ సెక్షన్ కింద నేరుగా సహకార ట్రిబ్యునల్‌కు వెళుతుంది.

ఒక జాగ్రత్త. గృహ నిర్మాణ సంఘంలో ప్లాటు కొనేవారు, సంఘానికి ఆ భూమి ఎలా వచ్చిందో కూడా చూడాలి. హైదరాబాదులో ప్రజాప్రతినిధులు, అధికారులు, న్యాయమూర్తులు, పాత్రికేయుల సహకార సంఘాలకు ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం చేసిన భూ కేటాయింపులను సుప్రీంకోర్టు 2024 నవంబరు 25న కొట్టివేసింది. సంఘం లోపల అంతా సవ్యంగా ఉన్నా, భూమి మూలంలో లోపం ఉంటే దాన్ని సహకార రిజిస్ట్రార్ సరిచెయ్యలేరు.

తగాదా బిల్డరుతో అయితే రెరా

పైన చెప్పినవన్నీ సంఘం లోపలి తగాదాలు. బిల్డరుతో తగాదాకు 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం ఉంది. మనందరం రెరా అంటున్నది దీన్నే. 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. ఇందులో మనకు పనికొచ్చేవి కొన్ని:

- ఎక్కువమంది కొనుగోలుదారులు బుక్ చేసుకున్న మూడు నెలల్లో సంఘం ఏర్పడేలా బిల్డరు చూడాలి.
- స్థానిక చట్టంలో వేరే గడువు లేకపోతే, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన మూడు నెలల్లో కామన్ స్థలాల వాటాను సంఘం పేర రిజిస్టరు చెయ్యాలి. ప్లానులు, పత్రాలు సంఘానికి అప్పగించాలి.
- మంజూరైన ప్లాను, కామన్ స్థలాలు మార్చాలంటే, తనను మినహాయించి, కనీసం మూడింట రెండు వంతుల కొనుగోలుదారుల రాతపూర్వక సమ్మతి తీసుకోవాలి.
- అప్పగించిన నాటి నుంచి ఐదేళ్ళలోపు నిర్మాణ లోపం బయటపడి మనం తెలియజేస్తే, ముప్పై రోజుల్లో ఖర్చు లేకుండా బాగుచెయ్యాలి.
- బేస్‌మెంటు, డాబా, ఓపెన్ పార్కింగ్ కామన్ స్థలాల కిందికే వస్తాయి.

రెరా అథారిటీకి ఫిర్యాదు ఆన్‌లైన్‌లో చెయ్యవచ్చు. కొనుగోలుదారుల సంఘం కూడా ఫిర్యాదు చెయ్యవచ్చని 31వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. ఒక్కొక్కరం వేరువేరుగా తిరగనక్కరలేదు. ఉత్తర్వు మీద అరవై రోజుల్లో అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. బిల్డరు డబ్బు కట్టకపోతే భూమి శిస్తు బకాయిలాగా వసూలు చేసే వీలుంది.

రెండు పరిమితులు గుర్తుంచుకోండి. తెలంగాణ నియమాల ప్రకారం 2017 జనవరి 1కి ముందు అనుమతులు పొందిన ప్రాజెక్టులకు రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మీ భవనం అంతకంటే పాతదైతే ముందు వకీలును అడిగి అడుగు వెయ్యండి. రెండోది, కమిటీ మీద సభ్యుడికి ఉన్న తగాదా తేల్చడం రెరా పని కాదు. సెక్రటరీ లెక్కలు చూపడం లేదని రెరాకు వెళితే తిప్పి పంపుతారు.

వినియోగదారుల కమిషన్

ఫ్లాటు కొన్నవారు వినియోగదారులే. రెరా వచ్చినా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళే హక్కు పోలేదని సుప్రీంకోర్టు 2020 నవంబరులో ఇంపీరియా స్ట్రక్చర్స్ కేసులో చెప్పింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, మనం చెల్లించిన ధర 50 లక్షల వరకు అయితే జిల్లా కమిషన్, 50 లక్షల నుంచి 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్, ఆపైన జాతీయ కమిషన్. వివాదం పుట్టిన నాటి నుంచి రెండేళ్ళలో వెయ్యాలి. వీడియో ద్వారా హాజరు కావడానికి ఈ చట్టంలోనే వీలు కల్పించారు కాబట్టి దూరాన ఉన్న మనకు ఇది అనుకూలం.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. రెరాలో సంఘం పేరుతో వెళ్ళవచ్చు గానీ, చట్టం ప్రకారం తప్పనిసరిగా ఏర్పడ్డ యజమానుల సంఘం "స్వచ్ఛంద వినియోగదారుల సంఘం" కిందికి రాదని సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరిలో బెంగళూరుకు చెందిన శోభా హైబిస్కస్ కేసులో తీర్పు చెప్పింది. అందువల్ల కమిషన్‌కు వెళ్ళేటప్పుడు ఫ్లాటు యజమానులు తమ పేర్లతో కలిసి వెయ్యడం క్షేమం.

అక్రమ నిర్మాణమైతే నగరపాలక సంస్థ, ఆపైన హైకోర్టు

సెల్లార్‌లో గదులు కట్టి అద్దెకివ్వడం, డాబా మీద పెంట్‌హౌస్ లేపడం, ఫైర్ మెట్లు మూసెయ్యడం, ఇవన్నీ సంఘం తగాదాలుగా మొదలైనా నిజానికి మంజూరైన ప్లానును ఉల్లంఘించడమే. వీటి మీద చర్య తీసుకోవలసింది నగరపాలక సంస్థ లేదా మునిసిపాలిటీ టౌన్ ప్లానింగ్ విభాగం. ఎత్తైన భవనంలో అగ్నిమాపక ఏర్పాట్ల లోపమైతే ఫైర్ డిపార్ట్‌మెంటుకు కూడా రాయాలి. హైదరాబాదులో మంచినీరు, డ్రైనేజీ సంగతి జలమండలికి వెళుతుంది.

ఫిర్యాదు ఎలా ఇస్తామన్నది ముఖ్యం. ఫోనులో చెప్పినది లెక్కలోకి రాదు. మంజూరైన ప్లాను కాపీ, తేదీ కనబడే ఫొటోలు, ఏ అంతస్తులో ఏది ప్లానుకు విరుద్ధమో ఒక్కొక్కటిగా రాసి, రసీదు తీసుకోవాలి. స్పందన రాకపోతే ఒకసారి గుర్తుచేస్తూ మళ్ళీ రాయాలి. అప్పటికీ కదలిక లేకపోతే, అధికారి తన విధి నిర్వర్తించేలా ఆదేశించమని 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వెయ్యవచ్చు. తెలంగాణ ఆస్తులకు హైదరాబాదులోని హైకోర్టు, ఆంధ్రప్రదేశ్ ఆస్తులకు అమరావతిలోని హైకోర్టు. రిట్ అధికారి మీద వేసేది. ప్రైవేటు సంఘం కమిటీ మీద మామూలుగా రిట్ నిలబడదు.

నివాసుల సంఘం పట్టుదలగా నిలబడితే ఏం జరుగుతుందో చూడాలంటే నోయిడాలోని సూపర్‌టెక్ ఎమరాల్డ్ కోర్ట్ కేసు చూడండి. తమ సమ్మతి లేకుండా, భవనాల మధ్య ఉండాల్సిన దూరం వదలకుండా రెండు టవర్లు కడుతున్నారని ఆ యజమానుల సంఘం 2012లో అలహాబాదు హైకోర్టుకు వెళ్ళింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు కూల్చమంది. 2021 ఆగస్టు 31న సుప్రీంకోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. 2022 ఆగస్టు 28న ఆ టవర్లను కూల్చేశారు. గెలిచారు, కాని పదేళ్ళు పట్టింది. ఆ పదేళ్ళూ నిలబెట్టింది మంజూరు ప్లానుల కాగితాలు. కొనేవారికి 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన మరో తీర్పు కూడా తెలిసి ఉండాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే బ్యాంకులు భవనం తనఖా మీద అప్పు ఇవ్వాలనీ, అది వచ్చాకే కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వాలనీ అందులో ఆదేశించింది. ఆ సర్టిఫికెట్ లేని ఫ్లాటు రేపు అమ్మబోతే ఇబ్బంది పెడుతుంది.

మామూలు సివిల్ కోర్టు ఎప్పుడు?

పక్క ఫ్లాటు వారు మీ గోడ మీదికి వచ్చినా, మీ పార్కింగ్ స్థలంలో ఎవరైనా తిష్ఠ వేసినా, సంఘంతో సంబంధం లేని బయటివారు స్థలం ఆక్రమించినా సివిల్ కోర్టే దారి. ఇంజంక్షన్, అంటే ఆపుదల ఉత్తర్వు, ఇక్కడే తెచ్చుకోవాలి. స్వాధీనంలో ఉన్న మిమ్మల్ని దౌర్జన్యంగా వెళ్ళగొడితే, హక్కు పత్రాల చర్చ లేకుండా స్వాధీనం తిరిగి ఇప్పించమని ఆరు నెలల్లోపు వేసే దావా ఒకటుంది. అది స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్. ఆరు నెలలు దాటితే ఆ సులువు దారి మూసుకుపోతుంది.

గడువుల గురించి మన వాళ్ళలో ఒక అపోహ ఉంది. "నేను దేశంలో లేను కదా, ఆ కాలం లెక్కలోకి రాదు" అంటారు. 1963 నాటి లిమిటేషన్ చట్టం 15వ సెక్షన్‌లో మినహాయింపు ఉన్న మాట నిజమే. కాని అది ప్రతివాది దేశంలో లేని కాలానికి. కేసు వేసేవారు విదేశంలో ఉంటే వారికి అదనంగా ఒక్క రోజు కూడా రాదు. పైగా మీ మీద ఎవరైనా కేసు వెయ్యాలంటే మీరు ఇక్కడ ఉన్న కాలమంతా వారికి కలిసొస్తుంది.

కాగితాలు ఎలా సంపాదించాలి?

సంఘం ఇవ్వనంటే రిజిస్ట్రార్ దగ్గరకు వెళ్ళండి. బైలాస్, కమిటీ జాబితా సర్టిఫైడ్ కాపీలు ఫీజు కడితే ఇస్తారు. సమాచార హక్కు చట్టం కింద సహకార సంఘం నేరుగా "ప్రభుత్వ సంస్థ" కాదని సుప్రీంకోర్టు 2013లో తళప్పాలం కేసులో చెప్పింది. అదే తీర్పులో, రిజిస్ట్రార్ చట్టప్రకారం సంఘం నుంచి తెప్పించుకోగల సమాచారాన్ని రిజిస్ట్రార్ దగ్గర కోరవచ్చని కూడా చెప్పింది. కాబట్టి దరఖాస్తు సంఘానికి కాదు, సహకార శాఖకు పెట్టాలి. మంజూరు ప్లాను, నోటీసుల కోసం నగరపాలక సంస్థకు పెట్టాలి.

ఈ హక్కు భారత పౌరులకే. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్.ఆర్.ఐ. దరఖాస్తు చేసుకోవచ్చు. అమెరికా, బ్రిటన్ పౌరసత్వం తీసుకుని ఓ.సి.ఐ. కార్డు ఉన్నవారు చేసుకోలేరు. అలాంటప్పుడు అక్కడే ఉంటున్న తల్లిదండ్రులో, భారత పౌరుడైన సహ యజమానో తమ పేరుతో అడగాలి.

పవర్ ఆఫ్ అటార్నీ: ఎవరికి, ఎంతవరకు

ప్రతి వాయిదాకూ మనం వెళ్ళలేం. తమ్ముడికో, బావగారికో, నమ్మకమైన స్నేహితుడికో పవర్ ఇస్తాం. ఇక్కడ నాలుగు సంగతులు.

మొదటిది, ఈ పనికి జనరల్ పవర్ అక్కరలేదు. ఫలానా ఫ్లాటు, ఫలానా సంఘం, ఫలానా కేసు అని రాసి, వకాలతు సంతకం, మీటింగుకు హాజరు, కాపీలు తీసుకోవడం వరకే అధికారమిచ్చే స్పెషల్ పవర్ చాలు. అమ్మకం, తనఖా అధికారం అందులో రాయకండి.

రెండోది, ఇండియన్ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించండి, లేదా అపోస్టిల్ సౌకర్యం ఉన్న దేశాల్లో నోటరీ తరువాత అపోస్టిల్ తీసుకోండి. ఆ కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లో అక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. కొరియర్ కవరు, చేరిన తేదీ రుజువుగా దాచమని చెప్పండి.

మూడోది, పవర్ ఉన్నవారు మన బదులు సంతకం పెట్టగలరు గాని, మనకు మాత్రమే తెలిసిన విషయాల మీద మన బదులు సాక్ష్యం చెప్పలేరు. సుప్రీంకోర్టు జానకీ వాష్‌దేవ్ భోజ్వానీ కేసులో ఇది తేల్చి చెప్పింది. బిల్డరుతో మాట్లాడింది మీరైతే సాక్ష్యం మీరే చెప్పాలి. అందుకు ప్రయాణం తప్పనిసరి కాదు. న్యూయార్క్‌లోని ఒక డాక్టరు సాక్ష్యాన్ని వీడియోలో తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2003లోనే ప్రఫుల్ దేశాయ్ కేసులో అనుమతించింది. కేసు మొదట్లోనే మీ వకీలుతో ఈ ఏర్పాటు మాట్లాడుకోండి.

నాలుగోది, సంఘం మీటింగులో ఓటు. పవర్ ఉన్నంత మాత్రాన ఓటు రాదు. ప్రాక్సీ చెల్లుతుందా లేదా అన్నది మీ చట్టం, మీ బైలాస్ మీద ఆధారపడి ఉంటుంది. ఎన్నికకు ముందే చూసుకోవాలి.

మెయింటెనెన్స్ ఆపవద్దు

కోపం వచ్చిన సభ్యుడు మొదట చేసే పని మెయింటెనెన్స్ కట్టడం మానెయ్యడం. ఇది మన కేసును మనమే బలహీనపరచుకోవడం. బకాయిదారు అడిగే లెక్కలకు ఎదుటివారు ఒక్క మాటతో జవాబిస్తారు: "ముందు నువ్వు కట్టు." "అభ్యంతరం తెలుపుతూ చెల్లిస్తున్నాను" అని ఈమెయిల్ రాసి బ్యాంకు ద్వారా కట్టండి. చెల్లింపు నమోదవుతుంది, అభ్యంతరమూ నమోదవుతుంది. కమిటీల్లో ఉన్నవారికి కూడా ఒక మాట. బకాయి కోసం నీళ్ళు, కరెంటు కోసెయ్యడం చట్టప్రకారం వసూలు చేసే పద్ధతి కాదు. ఆ పని చేసి కోర్టుకెక్కితే బకాయి సంగతి వెనక్కి పోయి, కమిటీయే బోనులో నిలబడాల్సి వస్తుంది.

రాజీ కూడా ఒక తీర్పే

మా కేసు చివరికి లోక్ అదాలత్‌లో ముగిసింది. పాత కమిటీ పుస్తకాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అప్పగించింది. లెక్క తేలని మొత్తంలో కొంత తిరిగి కట్టింది. మేం మిగతా ఆరోపణలు వదులుకున్నాం. అంతా గెలవలేదని మాలో కొందరికి అసంతృప్తి మిగిలింది. కాని ఆ భవనంలో రోజూ మెట్ల మీద ఒకరికొకరు ఎదురుపడేది మేం కాదు, మా పెద్దవాళ్ళు.

1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం లోక్ అదాలత్ అవార్డు కోర్టు డిక్రీతో సమానం. దాని మీద అప్పీలు లేదు. కట్టిన కోర్టు ఫీజు కూడా తిరిగి వస్తుంది. అయితే అప్పీలు లేదు కాబట్టి రాజీ పత్రంలో ప్రతి పంక్తీ చదివి, తేదీలు, మొత్తాలు స్పష్టంగా రాయించి అప్పుడే సంతకం పెట్టాలి.

వరుస క్రమం

ఫోను వచ్చిన రోజున చూసుకోవడానికి వీలుగా క్లుప్తంగా:

1. సంఘం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, బైలాస్, మీ సేల్ డీడ్, మంజూరు ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. ఈ ఐదూ స్కాన్ చేసి దగ్గర ఉంచుకోండి. గొడవ లేనప్పుడే అడిగితే సులువుగా ఇస్తారు.
2. తగాదా ఎవరితో? కమిటీతోనా, బిల్డరుతోనా, పొరుగువారితోనా, అధికారి నిర్లక్ష్యంతోనా? ఒక్క వాక్యంలో రాయండి.
3. కమిటీతో అయితే సంఘం చట్టాన్ని బట్టి: 2001 అయితే జిల్లా కోర్టు లేదా మధ్యవర్తిత్వం, 1964 అయితే సహకార రిజిస్ట్రార్, 1995 అయితే ట్రిబ్యునల్.
4. బిల్డరుతో అయితే రెరా లేదా వినియోగదారుల కమిషన్. పొరుగువారితో అయితే సివిల్ కోర్టు. ప్లాను ఉల్లంఘన అయితే నగరపాలక సంస్థ, కదలకపోతే హైకోర్టు.
5. గడువు తేదీ క్యాలెండరులో పెట్టుకోండి. ఆరు నెలలు, రెండేళ్ళు అన్నవి దూరాన ఉన్నవారికి ఇట్టే గడిచిపోతాయి.
6. ముందుగా రాతపూర్వకంగా సంఘాన్ని అడగండి. ఆ ఉత్తరమూ, దానికి వచ్చిన జవాబూ, లేదా రాని జవాబూ, మీ కేసులో మొదటి సాక్ష్యం.

ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు పెళ్ళిళ్ళు, తిరుపతి ప్రయాణం, షాపింగు మధ్య ఒక పూట తీరిక చేసుకుని మొదటి అంశంలోని ఐదు కాగితాలూ తెచ్చుకోండి. సంఘం జనరల్ బాడీ ఉంటే వెళ్ళి కూర్చోండి. సెక్రటరీ గారిని పలకరించండి. మొహం తెలిసిన సభ్యుడి ఈమెయిల్‌కు జవాబు తొందరగా వస్తుంది.